ఐదు నిమిషాల నిప్పు

కేప్‌టౌన్‌లో ఫిబ్రవరి అంటే
కొండకు జ్వరం వచ్చే నెల.
పొగ లోపలికి రాకుండా
కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కి
ఫరీద్ పని మొదలుపెడతాడు.

రేగుపండంత ఎలుక గుండె
గాజు గొట్టానికి వేలాడుతూ
ఒళ్లంటూ లేకుండానే కొట్టుకుంటోంది.
గోరువెచ్చని ఉప్పునీళ్లు, ఆక్సిజన్ బుడగలు,
దానికి మిగిలిన లోకం అంతే.

కుళాయి కడతాడు.
ఐదు నిమిషాలు.
మళ్లీ వదులుతాడు. ఇంకో ఐదు.
మళ్లీ కడతాడు,
ఏడిపించి ఎత్తుకునే మేనమామలా.

చేరిన కొత్తలో అడిగాను, ఎందుకలా అని.
"పెద్ద కరువు రాబోతోందని
చిన్న పస్తులతో కబురు పెడుతున్నా"
అన్నాడు, రంజాన్ ఉపవాసంలో
పెదాలు ఎండిన మనిషి.

ఆ పస్తుల్లోనే
కణం లోపలి వేల కుంపట్లు
మైటోకాండ్రియా
రవ్వలు రాలుస్తాయి.
ఆక్సిజన్ కడుపున పుట్టిన ఆకతాయిలు.
నేను చదివిన పుస్తకాలు వాటిని
తుప్పు అన్నాయి, ముసలితనం అన్నాయి, దొంగలన్నాయి.
అబద్ధం కాదు.
గుప్పుమన్నాయంటే గోడలు మిగలవు.
మరి గుప్పెడే అయితే?

రవ్వ వెళ్లి తలుపు తడుతుంది.
తలుపు వెనక ఒక ప్రొటీన్ నిద్ర లేస్తుంది,
అది పక్కింటిదాన్ని లేపుతుంది,
వీధి వీధంతా బిందెలు నింపుకుంటుంది
మంట ఇంకా రాకముందే.
చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మన తీరు.
గుండె మాత్రం
చిటికెనవేలు చురుక్కుమనగానే
ఆకుల కోసం చెట్టెక్కుతుంది.

ఆ తర్వాతే అసలు కరువు. నలభై నిమిషాలు.
చివరికి ముక్కలు కోసి రంగులో ముంచితే
బతికినచోటు ఇటుక ఎరుపు,
చచ్చినచోటు గంజి తెలుపు.
పస్తులెరిగిన గుండెలో ఆ తెలుపు
గోటి మీది నెలవంకంత.

ఆ గురువారం సగం గుండె గంజి.
ఫరీద్ గడియారం చూశాడు,
కుళాయి చూశాడు,
నన్ను చూడలేదు.

నేనే చెప్పాను.
ముందువారం మిగిలిన సీసా,
రవ్వల్ని ఆర్పే మందు కలిపినది,
పస్తుల వేళ పోశానని.
మరిచిపోయి కాదు. లేబుల్ చూసే.
పాపం, చిన్న మంటైనా దేనికి అనుకున్నాను.
ఆ గుండెలో ఎవరూ తలుపు తట్టలేదు.
బిందెలన్నీ బోర్లించే ఉన్నాయి.

తిట్టలేదు.
"రాసుకో జోలిస్వా, సీసా నంబరుతో సహా" అన్నాడు.

రాత్రి తమ్ముడు లుతాండో
బూట్లు విప్పకుండానే నేల మీద వాలాడు.
గాలి తిరగకముందే కొండ నడుమున
వాళ్లే ఒక చార తగలబెట్టి వచ్చారట,
పెద్దమంట దాటకుండా.
గుండె సంగతి చెప్పాను.
కళ్లు మూసుకునే అడిగాడు:
"దానికేం పేరు పెట్టారు?"
పేర్లు పెట్టం అన్నాను.
"పెట్టాల్సింది" అని నిద్రపోయాడు.

సోమవారం ఫరీద్ బల్లమీద కొత్త డబ్బా,
కూతురు మైమూనా కొన్న విటమిన్ మాత్రలు.
మీద పెద్దక్షరాల్లో: యాంటీఆక్సిడెంట్.
నేను నోరు తెరిచేలోపే
"సీసాలో గుండె వేరు, కడుపులో మాత్ర వేరు,
తెలియనిది తెలిసినట్టు చెప్పకు" అన్నాడు.
డబ్బాను కిటికీలో పెట్టాడు.
మింగలేదు. పారెయ్యలేదు.

లిఫ్టు చెడిపోయింది.
రెండో అంతస్తు మలుపులో ఆగాడు,
అరచెయ్యి రొమ్మున ఆనించి
గోడమీది నోటీసు చదువుతున్నట్టు నటిస్తూ.

ఎన్నాళ్లనుంచి?

"చిన్నదేలే" అన్నాడు. నవ్వాడు కూడా,
చిన్నవాటి మీద ముప్పై ఏళ్లు పనిచేసిన నవ్వు.
"లోపల పస్తులు నేర్పుతున్నారనుకో."

నేర్పుతున్నారేమో.
లోపలివాళ్లు లేచి బిందెలు వెతుకుతున్నారేమో.
కానీ తలుపు చప్పుడు
బయటికీ వినిపించింది.

ఈసారి నేను ఆర్పలేదు.
అతని చేతిలో సంచీ తీసుకుని
ఒక్కో మెట్టూ కిందికి దిగుతూ
కారు తాళాల కోసం
జేబులో వెతుక్కున్నాను.